జనవరిలో ఆ నక్షత్రం ఎక్కడికి పోతుంది?

నాలుగేళ్ల కిందట జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం, ఇంట్లో క్రిస్మస్ అలంకరణలన్నీ విప్పి నేల మీద కుప్పగా పోసుకుని కూర్చున్నాను. ఆ ఏడాది ఏమీ కొనకూడదు, అన్నీ ఇంట్లో పనికిరాకుండా పడి ఉన్న వస్తువులతోనే చేయాలని పిల్లలూ నేనూ పట్టుబట్టి మూడు వారాలు కష్టపడి చేసినవి అవి. బంగారు రంగు స్ప్రే కొట్టిన సీసాలు, గ్లిటర్ అద్దిన అట్ట నక్షత్రాలు, పూసలు గుచ్చిన థర్మోకోల్ ఉండలు, గ్లూ గన్‌తో ఒకదానికొకటి అతికించిన సీసా మూతలు. పండగకి వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. అప్పటికి సగం విరిగిపోయాయి, మిగతా సగం మళ్లీ ఏడాదిదాకా దాచుకునేంత గట్టిగా లేవు.

సరే, వేరుచేసి పొడిచెత్తలో వేద్దామని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాను. ఏదీ ఏ బుట్టలోనూ వేసేలా లేదు. కాగితాల్లో వేద్దామంటే అట్ట మీద ప్లాస్టిక్ పొడి అతుక్కుని ఉంది. గాజులో వేద్దామంటే సీసా నిండా రంగు, దాని చుట్టూ జిగురు, ఆ జిగురులో లేసు. మూతలు ఒక రకం ప్లాస్టిక్ అయితే వాటిని అతికించిన గ్లూ ఇంకో రకం ప్లాస్టిక్. డిసెంబరు ఒకటో తారీఖున ఆ అట్టపెట్టె, ఆ సీసా, ఆ మూతలు విడివిడిగా ఉన్నప్పుడు మూడూ రీసైక్లింగ్‌కి వెళ్లగలిగేవి. నేనే వాటిని ఎందుకూ కొరగాకుండా చేశాను, అదీ పర్యావరణం పేరు చెప్పి. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడే ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. 'పాత వస్తువులతో' అనుకున్న పని కోసం నేను కొత్తగా కొన్నవి రెండు స్ప్రే పెయింట్ డబ్బాలు, నాలుగు రంగుల గ్లిటర్, గ్లూ గన్, దానికి ఓ కట్ట గ్లూ కడ్డీలు, థర్మోకోల్ ఉండలు, పూసలు, లేసు. అంటే ఇంట్లో ఉన్న చెత్తకి ఇంకొంత చెత్త డబ్బు పెట్టి కొనితెచ్చి కలిపాను.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఇంట్లో చేసిన అలంకరణ చూపిస్తే నేను అడిగేది ఒకటే: జనవరిలో ఇది ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడాది పెట్టెలోకి పోతుందంటే మంచిదే. మట్టిలోకో పాత కాగితాల్లోకో పాత ఇనుములోకో పోతుందన్నా మంచిదే. ఈ రెండింట్లో ఏదీ కాకపోతే దాన్ని ఎంత అందంగా చేసినా, ఎన్ని పాత వస్తువులు వాడి చేసినా, పర్యావరణానికి మేలు చేసినట్టు కాదని నా గట్టి అభిప్రాయం.

గ్లిటర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి అలంకరణలన్నిటినీ పాడుచేసేది ముఖ్యంగా అదే. మనం మెరుపుపొడి అని ముద్దుగా పిలిచే ఆ గ్లిటర్‌లో ఎక్కువ భాగం, సీసాలు చేసే పెట్ రకం ప్లాస్టిక్‌ని పల్చటి పొరగా సాగదీసి, పైన అల్యూమినియం పూత వేసి, చాలా చిన్న ముక్కలుగా కత్తిరించినది. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కని మైక్రోప్లాస్టిక్ అంటారు. మిగతా ప్లాస్టిక్ ఏళ్ల తరబడి ఎండకీ నీళ్లకీ అరిగి మైక్రోప్లాస్టిక్‌గా మారుతుంది, గ్లిటర్‌నైతే మనం మైక్రోప్లాస్టిక్‌గానే కొంటాం. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు 17 నుంచి చేతిపనుల్లో వాడే ప్లాస్టిక్ విడి గ్లిటర్ అమ్మకాన్ని ఆపేసింది ఈ కారణంగానే. నేను ఆ ఏడాది చేసిన నక్షత్రాల పొడి ఆగస్టులో కూడా మంచం కోళ్ల దగ్గర, దువ్వెనలో, పిల్లల చెప్పుల్లో కనిపించింది. తుడిచిన గుడ్డ ఉతికిన నీళ్లలో పడి అది ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. ఒక్కసారి చేయి జారితే మళ్లీ ఏరుకోలేని వస్తువుని పిల్లల చేతికిచ్చి 'ప్రకృతిని కాపాడదాం' అని చెప్పాను కదా అన్న బాధ నాకింకా ఉంది.

టిన్సెల్ సంగతీ దాదాపు ఇంతే. చెట్టు చుట్టూ చుట్టే ఆ వెండి దండల్ని 17వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నిజం వెండిని సన్నగా సాగదీసి చేసేవారట. వెండి నల్లబడుతుందని తర్వాత వేరే లోహాలు వచ్చాయి, 20వ శతాబ్దంలో సీసం వచ్చింది, అది పిల్లలకి విషమని తేలి అమెరికాలో 1970ల మొదట్లో మానేశారు. ఇప్పుడున్నది ప్లాస్టిక్. లోహపు పూత ఉన్న పల్చటి ప్లాస్టిక్ పీచు కాబట్టి రీసైక్లింగ్‌కి పనికిరాదు, పైగా రాలుతూ ఉంటుంది. మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడుకోండి, తెగేదాకా వాడుకోండి. కొత్తది మాత్రం కొనకండి.

'మెరుపు లేకపోతే క్రిస్మస్‌లా ఉంటుందా, కాగితం ముక్కలు వేలాడదీస్తే పేదగా కనబడదా?' అని నన్ను చాలామంది అడిగారు. నా జవాబు చరిత్రలోనే ఉంది. అలంకరించిన క్రిస్మస్ చెట్టు గురించి రాసిపెట్టిన తొలి వర్ణనల్లో ఒకటి 1605 నాటిది, ఇప్పటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలోది. అందులో ఇళ్లలో చెట్టు నిలబెట్టి దానికి రంగురంగుల కాగితంతో కత్తిరించిన గులాబీలు, ఆపిల్ పళ్లు, పల్చటి బిస్కట్ల వంటి అప్పాలు, బంగారు రేకు, మిఠాయిలు వేలాడదీశారని ఉంది. చూడండి, కాగితం పూలు మొదటి నుంచీ ఉన్నాయి. గాజు బంతులు ఆ తర్వాత రెండు వందల ఏళ్లకి పైగా గడిచాక, 1847 ప్రాంతంలో లౌషా అనే జర్మన్ ఊళ్లో గాజు ఊదే కుటుంబాల చేతుల్లో పుట్టాయి. ఇప్పుడు పెద్ద పెద్ద చర్చిల ముందు వెలిగే అనేక కోణాల మొరేవియన్ నక్షత్రం ఉంది కదా, అది 1830ల్లో జర్మనీలోని నీస్కీ అనే చోట మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ల బడిలో పిల్లలకి జ్యామితి నేర్పడానికి కాగితంతో చేయించిన లెక్కల పాఠం! డెన్మార్క్‌లో రెండు రంగుల కాగితాల్ని చాపలా అల్లి చేసే గుండె ఆకారపు బుట్టలు ఇప్పటికీ చాలా ఇళ్ల చెట్లకి వేలాడతాయి, వాటిలో ఇప్పటికి తెలిసినంతలో బాగా పాతది పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో తన చేత్తో చేసినది, ఇప్పటికీ భద్రంగా ఉంది. నూట అరవై ఏళ్లు దాటిన కాగితం అది! జిగురు తక్కువ, అల్లిక ఎక్కువ ఉన్న వస్తువు ఎంతకాలం నిలుస్తుందో అంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

పేదగా కనబడటం అనేది నిజానికి వస్తువుని బట్టి రాదు, కలగాపులగంగా పెట్టడం వల్ల వస్తుంది. ఇది నాకు మూడేళ్లు పట్టింది అర్థం కావడానికి. పది రకాల వస్తువులు, పది రంగులు, పది ఆకారాలు ఒకే చెట్టుకి తగిలిస్తే ఎంత ఖరీదైనవైనా చెత్తలానే ఉంటాయి. అదే ఒక్క ఆకారం తీసుకుని, ఒకే వస్తువుతో, నలభై చేసి, ఒకే రకం తెల్లదారంతో వేలాడదీస్తే, అవి పాల డబ్బాలతో చేసినవని దగ్గరికొచ్చి చూసేదాకా ఎవరికీ తెలియదు. రెండు రంగులు, మహా అయితే మూడు. ఎత్తులు మాత్రం హెచ్చుతగ్గులుగా ఉండాలి.

పాల డబ్బా అన్నాను కదా, టెట్రా ప్యాక్‌లు. నాకు దొరికిన వస్తువులన్నిటిలో నేను బాగా ప్రేమించేది అదే. అందులో ఎక్కువ భాగం గట్టి అట్ట, దానికి పాలిథీన్ పొరలు, లోపల సన్నటి అల్యూమినియం రేకు. కోసి విప్పితే లోపలివైపు నిగనిగలాడే వెండి రంగు, ఎవరూ పూత వేయక్కర్లేదు, ఒక్క రేణువు కూడా రాలదు. పాలు ఒంపిన వెంటనే కోసి, సబ్బునీళ్లతో కడిగి, వంగిపోకుండా బరువు కింద ఆరబెట్టాలి (ఆలస్యం చేస్తే మడతల్లో వాసన దిగిపోతుంది, అది ఇక పోదు). ముందు గట్టి అట్ట మీద వృత్తం గీసి, కోణమానినితో 72 డిగ్రీలకొక గీత పెట్టుకుని అయిదు మొనల నక్షత్రం అచ్చు ఒకటి కత్తిరించి పెట్టుకోండి, జీవితాంతం పనికొస్తుంది. దాన్ని వెండివైపు పెట్టి గీసి కత్తిరించాక అసలు కిటుకు ఉంది: సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి, ప్రతి మొన నుంచీ నడిమధ్యకి ఒక గీత, ప్రతి లోపలి మూల నుంచీ నడిమధ్యకి ఇంకో గీత నొక్కి గీయాలి. మొనల గీతలు పైకి, మూలల గీతలు కిందికి మడిస్తే చదునైన అట్ట ఉన్నట్టుండి ఉబ్బెత్తు నక్షత్రమై లేస్తుంది. ఆ లేచే క్షణం చూసి మా చిన్నది ప్రతిసారీ చప్పట్లు కొడుతుంది, నాకూ ఇప్పటికీ సరదాగానే ఉంటుంది. ఒక లీటరు డబ్బాలో ఎనిమిది సెంటీమీటర్లవి నాలుగు వస్తాయి. సూదితో మొనకి చిన్న బెజ్జం, దారం, అంతే. జిగురు లేదు. తేమకి మెత్తబడదు. ఎప్పుడైనా విసుగొచ్చి వదిలేయాలనుకున్నా అది ఇంకా టెట్రా ప్యాకే, మామూలు డబ్బాలు వెళ్లే చోటికే అదీ వెళ్తుంది.

జిగురు లేకపోవడం అన్న మాట దగ్గర ఆగుతాను. నా అనుభవంలో మొత్తం పద్ధతిని మార్చేసింది ఆ ఒక్క నియమమే. అతికించకూడదు అని పట్టుబడితే చేయి తనంతట తాను ముడి వేయడం, కుట్టడం, అల్లడం, గుచ్చడం, మడవడం వెతుక్కుంటుంది. ముడి వేసినది విప్పుకోవచ్చు, కుట్టినది కోసుకోవచ్చు, ఏ వస్తువు ఆ వస్తువుగా వెనక్కి వస్తుంది. గ్లూ గన్ వేడితో పిల్లల వేళ్లు కాలే టెన్షన్ కూడా ఉండదు. మరీ తప్పనిచోట మైదాపిండి నీళ్లలో కాచిన బంక చాలు, కాగితానికి కాగితం బ్రహ్మాండంగా పడుతుంది, తడిపితే ఊడుతుంది. దానికి ఒకే ఇబ్బంది, పురుగులకీ ఎలుకలకీ ఇష్టం. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు అందుకని బంకలో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లలతో చేసే పనిలో వద్దేవద్దు. బాగా ఎండబెట్టి గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో పెడితే చాలు.

గుమ్మానికి తగిలించే చుట్టు, అదే రీత్ అంటారే, దాన్ని మేం చిరిగిన బట్టలతో కట్టాం. వంకరపోయిన ఇనుప హ్యాంగర్ ఒకటి గుండ్రంగా వంచి, తుప్పు మరకలు పడకుండా ముందు దాని చుట్టూ గుడ్డపేలిక చుట్టాలి. పాత చొక్కాలు, దుప్పట్లు, ఆకుపచ్చలో మూడు ఛాయలు ఉంటే ఇంకా బాగుంటుంది, వాటిని పదిహేను సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పేలికలుగా చింపాలి. కత్తెరతో కోయకండి, చింపండి, అంచున వచ్చే ఆ దారాలే ఆకుల్లా కనిపిస్తాయి. ఒక్కొక్క పేలికనీ తీగకి ఒకే ముడి వేసి పక్కపక్కన నొక్కుకుంటూ పోవాలి. మాకు నూట యాభైకి పైనే పట్టాయి. ఒక్కరు కూర్చుంటే విసుగే, ముగ్గురు కలిసి కబుర్లాడుతూ చేస్తే రెండు సాయంత్రాల పని. అందులో మా పెద్దాడి మూడో తరగతి యూనిఫారం ముక్క ఒకటి ఉంది, వాడు ప్రతి ఏడూ దాన్ని వెతికి చూపిస్తాడు. కొన్న దండలో ఇది దొరకదు.

రేకు డబ్బా లాంతర్లు కూడా బాగుంటాయి, కానీ వాటికి ఒక సంగతి తెలియాలి. ఖాళీ డబ్బాకి మేకుతో బెజ్జాలు కొడితే రేకు సొట్టలు పడుతుంది. డబ్బాలో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి నీళ్లు పోసి ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఖాళీ అందుకే, అయినా అడుగు కాస్త పొంగుతుంది, తర్వాత సుత్తితో మెల్లగా తడితే సర్దుకుంటుంది. మడిచిన తువ్వాలు మీద డబ్బాని పడుకోబెట్టి, మేకూ సుత్తీతో చుక్కలు చుక్కలుగా నక్షత్రమో పావురమో కొట్టుకోవచ్చు. మంచు కరిగాక వెంటనే తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే తుప్పు. లోపల కొవ్వొత్తి కంటే చిన్న ఎల్ఈడీ దీపం మంచిది. ఆ మాటకొస్తే కాగితం అలంకరణలున్న చెట్టుకి వేడెక్కే పాతరకం సీరియల్ బల్బులు అసలు పెట్టకండి, ఎల్ఈడీలు పెద్దగా వేడెక్కవు, కరెంటు కూడా అందులో నాలుగో వంతో అంతకంటే తక్కువో తీసుకుంటాయి.

గుడ్ల ట్రేలు కాగితపు గుజ్జుతో చేసినవైతే గంటలు బాగా వస్తాయి, రంగు వేయకపోతే తర్వాత మట్టిలో కలిసిపోతాయి. టిష్యూ రోల్ గొట్టాల్ని నొక్కి, సెంటీమీటరు చొప్పున కోసి, ఆరు రేకుల పువ్వులా దారంతో కుట్టుకోవచ్చు. పాత సీడీల్ని ముక్కలు చేయకండి, పగిలిన అంచులు వేళ్లు కోస్తాయి, నిండుగానే వేలాడదీయండి. బిల్లు కాగితాల రోల్స్ తెల్లగా ఉన్నాయని పిల్లలకివ్వొద్దు, వాటి పూతలో ఒంటికి మంచివి కాని బిస్ఫినాల్ అనే రసాయనాలు తరచుగా ఉంటాయి. బహుమతుల మీది కాగితాన్ని పిడికిట్లో నలిపి వదిలి చూడండి, నలిగే ఉంటే మామూలు కాగితం, విచ్చుకుంటే ప్లాస్టిక్ కలిసినట్టు.

మరి చెట్టు? ఇక్కడే చాలామంది ఉత్సాహంలో తప్పు చేస్తారు. ప్లాస్టిక్ చెట్టు చెడ్డదని చదివి, ఇంట్లో ఉన్నది పారేసి, 'పర్యావరణ హితమైనది' ఇంకోటి కొంటారు. బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ వేసిన లెక్క ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వెనక సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారాలుంటాయి. అదే ఎత్తు నిజం చెట్టుని పండగయ్యాక చెత్తగుట్టలో పారేస్తే 16 కిలోలు, ముక్కలు చేసి మట్టికి వాడితే మూడున్నర కిలోలు. అంటే ప్లాస్టిక్ చెట్టు చేసే హాని దాదాపు అంతా అది తయారైన రోజే జరిగిపోయింది, మనం దాన్ని ఎన్నేళ్లు వాడితే ఏడాదికి పడే భాగం అంత తగ్గుతుంది. మా ఇంట్లోది పదకొండేళ్లది. కింది కొమ్మలు రెండు ఊడాయి, పురికొసతో కట్టాం. ఇంకో పదకొండేళ్లు వాడతాను. అసలు చెట్టే లేనివాళ్లకి ఎండిపోయి రాలిన కొమ్మ ఒకటి గోడకి అడ్డంగా కట్టి వేలాడదీసుకోవడం కంటే అందమైనది నేను చూడలేదు.

పోయినేడు పిల్లల బడిలో 'వ్యర్థంతో అలంకరణ' పోటీ పెట్టారు. చాలామంది తల్లిదండ్రులు పోటీ కోసమే కొత్త సీసాలు, కొత్త గ్లాసులు, కొత్త గ్లిటర్ కొనిచ్చారు. ఒక బల్ల మీద అప్పుడే విప్పిన కాగితపు గ్లాసుల కట్ట, కవరుతో సహా, కళ్లారా చూశాను. బహుమతి అన్నిటికంటే ఎక్కువ మెరిసేదానికి వచ్చింది. మా చిన్నది ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు, వచ్చాక 'అమ్మా, మనది చాలినంత మెరవలేదా?' అంది. దాన్ని ఓదార్చాను గానీ నా కోపం ఇంకా తగ్గలేదు. ఇలాంటి పోటీలు పెట్టేవాళ్లని నేను బతిమాలి అడిగేది ఇది: వస్తువుతో పాటు ఒక చీటీ రాయించండి, ఇది ఇంటికి ఎందుకు వచ్చింది, దీని మొదటి పని ఏమిటి, పండగయ్యాక ఎక్కడికి వెళ్తుంది అని. దానికీ మార్కులివ్వండి. పిల్లలు తెలివైనవాళ్లు, ఆ మూడో ప్రశ్న కోసం వాళ్లే గ్లిటర్ సీసా పక్కన పెట్టేస్తారు.

'ఒక్క ఇంట్లో నలభై నక్షత్రాలు చేస్తే సముద్రాలు శుభ్రమవుతాయా?' అని మా బంధువొకరు అడిగారు. అవ్వవు. ప్యాకింగ్ ఎలా చేయాలో, ఏ ప్లాస్టిక్ తయారుచేయాలో నిర్ణయించేది కంపెనీలూ ప్రభుత్వాలూ, యూరప్‌లో గ్లిటర్ ఆగింది చట్టం వల్లే గానీ ఇళ్లలో కాగితం పూలు చేయడం వల్ల కాదు. ఇది నేను ఒప్పుకుంటాను, అలాంటి చట్టాలు ఇంకా రావాలని కూడా కోరుకుంటాను. కానీ గ్లిటర్ ముప్పు అంటే ఏమిటో నాకు చట్టం చదివితే తెలియలేదు, ఆ జనవరి సాయంత్రం చేతిలో ముక్క పట్టుకుని ఏ బుట్టలో వేయాలో తెలియక కూర్చుంటే తెలిసింది. అలా తెలిసినవాళ్లే రేపు ఏదైనా అడుగుతారు, ఏదైనా కొనడం మానేస్తారు.

తీరిక లేదనేవాళ్లకి: డిసెంబరులో మొదలుపెడితే నిజంగానే తీరదు. మేం అక్టోబరు నుంచి డబ్బాలు కడిగి దాస్తాం, అచ్చు సిద్ధంగా ఉంటుంది కాబట్టి చేయి అలవాటయ్యాక ఒక నక్షత్రానికి ఆరేడు నిమిషాలు. ఆదివారం సాయంత్రం కూర్చుంటే పది నక్షత్రాలు. అసలు ఏటా కొత్తవి చేయాల్సిన పనే లేదు, నిరుడువి ఉన్నాయిగా.

ఈసారి పెట్టె తెరిచి లెక్కపెట్టాం. వెండి నక్షత్రాలు నలభై మూడు ఉండాలి, నలభై ఒకటే ఉన్నాయి, ఒకటి పక్కింటి పాపకి ఇచ్చినట్టు గుర్తుంది, ఇంకోటి ఏమైందో తెలియదు. గుడ్డ చుట్టుకి ఒకవైపు పేలికలు వదులయ్యాయి, ఆరేడు కొత్తవి ముడెయ్యాలి. మా పెద్దాడి చొక్కా ఈ ఏడాది మోచేతి దగ్గర చిరిగింది, రంగు కూడా సరిపోతుంది, పక్కన పెట్టాను.